పుదుపేటలో తలుపుల చప్పుడు

పదకొండు గంటల టీ వచ్చేసరికి
పుదుపేటలో గ్యాస్ కట్టర్లు ఆరిపోతాయి
నోళ్ళు అంటుకుంటాయి.

ఈ వారం తగువు:
మంచి బండ్లు ఎక్కువ చేసిన కంపెనీ ఏది?

"అంబాసిడర్ ఒక్కటి చాలదా నైనా" అంటాడు ఆదిమూలం.
"దాని అడుగు కోయడానికి రెండు సిలిండర్లు తాగించాను.
చచ్చాక కూడా పోట్లాడింది చూడు, అదీ బండి!"

"ఒక్క బండితో అన్నేళ్ళు నెట్టుకొస్తే
అది కంపెనీయా, ఒక్క కూరతో నడిచే మెస్సా?"
ఖాదర్ బాషా ఓటు ఫియట్‌కి.
గేరు స్టీరింగ్ పక్కనే కదా,
ముందు సీట్లో ముగ్గురు, ఒళ్ళో మేకపిల్ల,
పెళ్ళయిన కొత్తలో ఆంబూరు దాకా పోయాడట.
మేకపిల్ల ఏడాదికింత పెరుగుతోంది.
మొదట్లో అది కోడి.

ఇళంగో ఫోను తీసి
జపాను వాళ్ళ లెక్కలు చదివాడు,
ఎన్ని దేశాలు, ఎన్ని కోట్లు.
"లెక్కే కావాలంటే
ఇడ్లీ పాత్రలు చేసేవాడు గెలుస్తాడు, పోరా"

ఫోర్డ్ పేరెత్తితే దేవసహాయం గ్లాసు కడగడానికి లేస్తాడు.
మరైమలైనగర్‌లో వాళ్ళ తమ్ముడు పదమూడేళ్ళు చేశాడు.
గేటు మూశాక
ఆ ఇంట్లో కార్ల ఊసు లేదు.

నేను కాటా దగ్గర కూచుంటాను.
నా పుస్తకంలో కంపెనీకి ఒక గడి ఉంది
కిలోలకు ఒకటి, రూపాయలకు ఒకటి.
మంచిదా అన్న గడి లేదు.
నన్ను తీర్పు అడిగితే నవ్వేస్తాను.
తూకం మనిషిని,
ఒకవైపు మొగ్గానని తెలిస్తే రేపు బేరం రాదు.

అప్పుడొచ్చాడు ఆ పెద్దాయన,
ఉతికి ఉతికి తెల్లబడిన ఖాకీ చొక్కా.
"గెజెల్‌కి కిటికీ పిడి కావాల, ఎడమవైపుది."

గెజెల్! అందరూ తిరిగి చూశారు.
మునిరత్నమట పేరు. పెరుంగళత్తూరు స్టాండర్డ్ ఫ్యాక్టరీలో
తలుపులు బిగించేవాడట.
"అయితే మీరే చెప్పండి సార్" అని స్టూలు వేశారు,
దానిమీది స్పార్క్‌ప్లగ్గులు కిందికి దింపి మరీ.

ఆయన టీ ఊదుకున్నాడు.
మీగడ పక్కకి జరిపాడు.
"కంపెనీ ఎక్కడ చేసిందప్పా బండి?
జీతాల మర్నాడు చేసిన తలుపు
చిటికెన వేలితో తోస్తే పడేది.
నెలాఖరులో చేసింది
భుజం పెట్టి తొయ్యాల.
మా రెండోది పుట్టిన రోజు నేను బిగించినవి పదకొండు,
ఏ ఊళ్ళో తిరుగుతున్నాయో,
వాటికి మాత్రం నేను బాధ్యుణ్ణి కాను."

లేచాడు.
వరసలో నిలబెట్టిన డొక్కుల మధ్య నడుస్తూ
ఒక్కో తలుపూ తీసి, వేసి, చెవి ఒగ్గాడు.
టప్. గణగణ. టప్.
ఇది మంచివాడు చేశాడు.
ఇది ఎవడో ఆకలిమీద చేశాడు.
ఇది... ఇంకోసారి వేశాడు.
ఏమీ చెప్పలేదు.
బానెట్ లేదు, పేరు పలక ఊడిపోయింది,
అది ఏ కంపెనీదో
మాలో ఎవరికీ తెలియలేదు.

పిడికి నూట యాభై అన్నాను.
నూట ఇరవై ఇచ్చి, బస్సుకంటూ పది వెనక్కి తీసుకున్నాడు.

ఆయన సందు మలుపు తిరగ్గానే
ఆదిమూలం గొంతు సవరించుకున్నాడు.
"అది సరే,
మరి జీతం సరిగ్గా ఒకటో తేదీకి ఇచ్చిన కంపెనీ ఏదంటావు?"

కట్టర్లు ఆ రోజు
పన్నెండున్నరకు గానీ అంటుకోలేదు.
సాయంత్రం కాటా మూసి పోతూ
ఆ పేరులేని బండి తలుపు
ఎవరూ చూడకుండా ఒకసారి వేసి చూశాను.